కథ తరువాతి పుటలు

ఆదివారంనాడు ఆబిడ్స్‌లో నడవడమంటే పుస్తకాల నడుమ నడవడమే. వారంలో తక్కిన దినాలన్నీ బట్టల అంగళ్ళకూ చెప్పుల అంగళ్ళకూ చెందిన ఆ కాలిబాటలు, ఆ ఒక్కనాడు పాతపుస్తకాల వర్తకుల వశమవుతాయి. జనరల్ పోస్టాఫీసు దగ్గరినుంచి పట్టాలమీద గుట్టలు గుట్టలుగా పుస్తకాలు పరచివుంటాయి. వైద్యశాస్త్ర గ్రంథం ప్రక్కన వంటల పుస్తకం, దాని ప్రక్కన అట్ట ఊడిన భారతపర్వం ఒకటి, దానిమీద ఎవరో పసివాడు రంగుపెన్సిళ్ళతో దిద్దిన ఇంగ్లీషు బొమ్మల కథ. ఈ నగరంలో తెలుగు చెప్పుకొని బ్రతికేవారిలో ఆ గుట్టలముందు గొంతుక్కూర్చోనివారు అరుదు. నేను ముప్ఫైయేళ్ళుగా కూర్చుంటున్నాను.

ఇటీవల ఒక ఆదివారం నాకు రెండు గుట్టల అవతల ఒక యువకుడు లావుపాటి ఇంగ్లీషు నవల ఒకటి చేతిలోకి తీసికొన్నాడు. టోల్కీన్ వ్రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’. మూడు సంపుటాలూ ఒకే అట్టలో కుట్టిన ప్రతి. బేరం కుదిరింది. డబ్బు తీయబోతూ అతడు పుస్తకాన్ని వెనుకవైపునుంచి విప్పి చూచినాడు. చివరి పుటలు చాలా భాగం లేవు.

“కహానీ పూరీ హై సాబ్” అన్నాడు వర్తకుడు. కథంతా ఉన్నది, పోయినవి కథ అయిపోయిన తరువాతి కాగితాలే, వాటికోసం ఇంకో యాభై తగ్గిస్తానన్నాడు. యువకుడు తల అడ్డంగా ఊపి, పుస్తకాన్ని ఉన్నచోటనే మెల్లగా పెట్టి లేచినాడు. వర్తకుడు నావైపు చూచి నవ్వినాడు. కథ మొత్తం చేతికి వస్తూ ఉంటే, కథ కాని పుటలు లేవని వదలిపోయేవాణ్ణి ఆయన అంతకుముందు చూచివుండడు.

ఆ యువకుణ్ణి నేనెరుగుదును. ఆ సంగతి తరువాత చెబుతాను. ముందు ఆ పోయిన పుటలలో ఏమున్నదో చెప్పాలి.

ఆ నవల కథ ఒక ఉంగరం కథ. లోకాన్నంతటినీ తన వశం చేసికోగల దుష్టశక్తి అందులో దాగివున్నది. దానిని అగ్నిపర్వతంలో పడవేసి నాశనం చేయడానికి ఒక పొట్టివాడు, ఎవరికీ పట్టని మారుమూల సీమవాడు, బయలుదేరుతాడు. కథ ముగిసిన తరువాత అనుబంధాలు మొదలవుతాయి. వాటిలో మొదటిది రాజుల చరిత్ర. రెండవది వేలయేళ్ళ సంఘటనల పట్టిక. ఆపైన వంశవృక్షాలు, పంచాంగాలు, లిపులు, ఉచ్చారణ, కట్టకడపట ఆ లోకపు భాషలను గురించిన చర్చ. మొదటి రెండు సంపుటాలు 1954లోనే వెలువడినవి. మూడవది 1955 అక్టోబరుదాకా రాలేదు. పాఠకులు కథానాయకుడు ఏమైనాడో తెలియక నెలల తరబడి ఎదురుచూచినారు. కథ ఎన్నడో పూర్తయినది. ఆలస్యానికి ముఖ్య కారణం ఈ అనుబంధాలే. ఏ ప్రచురణకర్త అయినా పెట్టెలో పడవేయమనే ఆ పుటలను అంత పట్టుదలతో ఎందుకు వ్రాసినాడు?

ఎందుకంటే ఆయనకు ముందు పుట్టినది కథ కాదు, భాష. టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీనాంగ్ల భాషాచార్యుడు. యౌవనంలో కొంతకాలం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పనిలో కూర్చుని మాటల పుట్టుపూర్వోత్తరాలు వ్రాసినవాడు. భాషలు కల్పించే అలవాటు ఆయనకు బాల్యంనుంచీ ఉన్నది. 1931లో ఒక ప్రసంగంలో ఆ అలవాటును తన రహస్య వ్యసనంగా ఒప్పుకొన్నాడు. విద్యార్థిదశలో గ్రంథాలయంలో ఫిన్నిష్ భాషా వ్యాకరణం ఒకటి కంటబడితే ఆయనకు మధుపానం చేసినట్లయినదట. ఆ నాదంతో ఒక భాష కట్టినాడు, దాని పేరు క్వెన్యా. వేల్సు దేశపు భాష వినికిడితో ఇంకొకటి కట్టినాడు, అది సిందారిన్. ఊరికే రెండు పదపట్టికలు వ్రాసి ఊరుకోలేదు. రెండింటికీ ఒకే మూలభాషను ఊహించి, ఏ ధ్వని ఏ కాలంలో ఏ ధ్వనిగా మారిందో సూత్రాలు వ్రాసికొన్నాడు. సూర్యుడు క్వెన్యాలో ‘అనార్’, సిందారిన్‌లో ‘అనోర్’. చంద్రుడు అక్కడ ‘ఇసిల్’, ఇక్కడ ‘ఇథిల్’. మన యాత్ర జాతర అయినట్లు, సింహం సింగం అయినట్లు, స్తంభం కంబం అయినట్లు. అటువంటి భాషలు ఉండాలంటే వాటిని మాట్లాడే మనుషులుండాలి. వారు విడిపోవడానికి ఒక కారణం ఉండాలి. కారణం అంటే చరిత్ర. ఆ విధంగా ధ్వనిసూత్రాలనుంచి వలసలు, వలసలనుంచి యుద్ధాలు, యుద్ధాలనుంచి కథ పుట్టినవి. ఎదిగిన చెట్టుకు వేళ్ళు అతికించడం లోకంలో కథకులు చేసే పని. ఈయన వేళ్ళు పెంచుకొంటూ కూర్చుంటే చెట్టు దానంతటది వచ్చినది.

ఇందులోని ఆకర్షణను నేను చాలాకాలం తప్పుగా అర్థం చేసికొన్నాను. మంత్రాలూ రాక్షసులూ పిల్లలకు ఇష్టం గనుక చదువుతారనుకొన్నాను. మంత్రాలూ రాక్షసులూ చవకగా దొరుకుతాయి. దొరకనిది లోతు. ఆ నవలలో రెండు కోటబురుజులున్నవి: మినాస్ అనోర్, మినాస్ ఇథిల్. సూర్యబురుజు, చంద్రబురుజు అన్నమాట. శత్రువులు చంద్రబురుజును పట్టుకొన్న తరువాత దానికి మినాస్ మోర్గుల్, క్షుద్రవిద్యల బురుజు, అని పేరు వచ్చినది. ఎదుట అటువంటి పొరుగు ఏర్పడగానే సూర్యబురుజు పేరు మారి మినాస్ తిరిథ్, కావలిబురుజు, అయినది. కథలో పాత్రలు దారిన పోతూ ఆ పేర్లు పలుకుతారు. అర్థం తెలియని పాఠకునికి కూడా ఈ పేరు వెనుక ఏదో జరిగివుంటుందని తోస్తుంది. దారి ప్రక్కన తెరచివున్న తలుపులోనుంచి లోపలి గదులు కనబడినట్లు ఉంటుంది. తలుపులు గోడమీద రంగుతో వ్రాసినవి కావు, నెట్టితే తెరుచుకొంటాయి అని ఋజువు చూపే పుటలే ఆ అనుబంధాలు. కుర్రవాడు వాటికోసం పుస్తకాన్ని వదలుకోవడంలో వింత లేదు.

నిజానికి ఆ వర్తకుడు కూర్చున్న చోటే అటువంటి తలుపు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియా జాతీయుడు ఉండేవాడు. ఆయన పెట్టిన అంగడిపేరే వీధికి, వీధిపేరే పేటకు వచ్చినదంటారు. అంగడి ఏనాడో పోయినది, పేరుమాత్రం మిగిలినది. అక్కడికి కూతవేటు దూరంలో గన్‌ఫౌండ్రీ. పద్దెనిమిదవ శతాబ్ది చివర నిజాం సైన్యంలో ఉన్న ఫ్రెంచివాడు రేమండ్ ఫిరంగులు పోతపోయించిన చోటు. ఆ రేమండు పేరును మన జనం మూసా రాం చేసినారు. మలకుపేట వైపు మూసారాంబాగ్ అనేది ఆయన పేరే. ‘ముస్యే రేమాఁ’ అనే ఫ్రెంచి పలుకు ‘మూసారాం’ కావడానికి ఏయే సూత్రాలు పట్టినవో తరగతిలో పిల్లలచేత కట్టించవచ్చును. ఇక నాంపల్లి. కుతుబ్‌షాహీల కొలువులోని నేక్‌నామ్ ఖాన్ పేరుమీద ఆ పల్లె వెలసినదని పెద్దలు చెబుతారు. నేక్‌నామ్ అంటే మంచిపేరు గలవాడు. నేక్ రాలిపోయి నామ్ మిగిలినది, దానికి తెలుగు పల్లి చేరినది. ‘పేరు’ అనే పేరు గల ఊరు! ఫారసీ మొదలు, తెలుగు తోక. టోల్కీన్ ఒక్క జీవితకాలం కూర్చుని కల్పించుకోవలసి వచ్చిన పొరలమీద మనం చెప్పులతో నడుస్తున్నాము. 1907లో తెరచిన నాంపల్లి రైలుస్టేషనుకు రైల్వేవారి పేరు హైదరాబాద్ దక్కన్. జనం నోట అది ఈనాటికీ నాంపల్లే.

తెలుగులో అటువంటి లోకాలు కట్టినవారు లేరా అని ఎవరైనా అడగవచ్చును. ఉన్నారు, కాని ఒక్కొక్కరూ ఒక్కొక్క భాగమే కట్టినారు.

పదహారవ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయం వ్రాసినాడు. ఆనాటి ప్రబంధాలకు కథ ఏ పురాణంలోనో దొరికేది. సూరన స్వయంగా అల్లినాడు. బ్రహ్మ ఒకనాడు సరస్వతికి వినోదంగా ఒక కథ చెబుతాడు. అప్పటికి ఆ కథలోని మనుషులు ఎక్కడా లేరు. చెప్పినవాడు బ్రహ్మ గనుక ఆ కథ భూలోకంలో జరిగి తీరవలసి వచ్చినది. మనుషులు పుట్టినారు, కలిసినారు, విడిపోయినారు, తాము ఒక కథలోనివారమని ఎరగకుండా బ్రతికినారు. చివరకు పాలుత్రాగే పసిపాప నోరు విప్పి పూర్వజన్మ వృత్తాంతం చెప్పేదాకా ముడులు విడివడవు. మాట ముందు, లోకం వెనుక అనే భావాన్ని ఇంతకంటె సాహసంగా చెప్పిన కావ్యం నాకు తెలియదు. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’లో సూరన కల్పనాశక్తిని ఎత్తి చూపేదాకా పండితులలో చాలామంది దానిని చిక్కుకథగానే చూచినారు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీనిని ఇంగ్లీషులోకి తెచ్చినారు. ఆబిడ్స్ కాలిబాటమీద ఆ అనువాదం నాకు ఇంతవరకూ దొరకలేదు.

మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. మణిసిద్ధుడు అనే యతి, ఒక గొల్ల కుర్రవాడు కాశీకి నడుస్తూ ఉంటారు. ప్రతి మజిలీలోనూ కుర్రవాడు చూచిన ఒక వింతకు యతి కథ చెప్పవలసి వస్తుంది. నాకు అందులో కథలకన్న ఆ ఏర్పాటు ఇష్టం. లోకంలో ఏ చిన్న వింత వెనుకనైనా ఒక చరిత్ర ఉంటుంది, అడిగేవాడు ఉండాలి అనేది దాని రహస్యం. మజిలీ అనే మాట కూడా పరాయిదే. అరబ్బీ ‘మంజిల్’ ఎన్ని దేశాలు నడిచి మన కథల పుస్తకం అట్టమీదికి చేరినదో!

నా తరంవారికి అద్భుతం అంటే ‘చందమామ’. 1947లో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ప్రారంభించిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యంగారు ‘తోకచుక్క’ మొదలుకొని ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘పాతాళదుర్గం’ వంటి ధారావాహికలు వ్రాసినారు. చిత్ర వేసిన బొమ్మలతో ఆ అరణ్యాలు, కోటలు, వికృతజంతువులు కళ్ళముందు నిలిచేవి. నెలకొకసారి వచ్చే ఆ కొద్ది పుటలకోసం ఇంట్లో కొట్లాటలు జరిగేవి. కాని ఒక్క మాట చెప్పాలి. ఆ లోకాలకు భూగోళం ఉన్నది, చరిత్ర తక్కువ. రాక్షసుడు ఎక్కడివాడో తెలుస్తుంది, వాని తాత ఎవరో తెలియదు. అందరూ ఒకే శుభ్రమైన చందమామ తెలుగు మాట్లాడతారు. పిల్లల పత్రికకు అదే ఉచితం. కొరతగా అనడం లేదు, తేడా చెబుతున్నాను.

చరిత్రను కట్టినవారు విశ్వనాథ సత్యనారాయణగారు. ‘పురాణవైర గ్రంథమాల’ పన్నెండు నవలలు. కోట వెంకటాచలంగారి కాలగణనను ఆధారం చేసికొని మగధరాజుల వంశాలను వరుసగా నడిపించినారు. అయితే ఆయన అది కల్పన అనలేదు. పాశ్చాత్యులు వ్రాసిన కాలక్రమం తప్పు, ఇదే నిజం అన్నారు. ఇక్కడనే నాకు చిక్కు. టోల్కీన్ నన్ను నమ్మమనడు, నేను నమ్ముతాను. విశ్వనాథవారు నమ్మమంటారు, నేను చరిత్ర పుస్తకం తీసి తేదీలు సరిచూచుకొంటాను. నవలగా ఒడిలోకి తీసికొన్నది వాదంగా మారి ఎదుట నిలబడుతుంది.

ఇక భాష. కొత్త మాటలు పుట్టించి తెలుగువారిచేత పలికించిన ఘనుడు పండితుడూ కాదు, నవలాకారుడూ కాదు. సినిమాకు మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుని ఆశ్రమంలో రాక్షసులు సంస్కృతం నేర్చుకొంటూ ఉంటారు. వారి నోట సంయుక్తాక్షరాలు నిలువవు. ‘అస్మదీయులు’ అనలేక ‘అసమదీయులు’ అంటారు. నవ్వి ఊరుకొంటాము. కాని ఆ నవ్వులో వ్యాకరణమున్నది: రత్నం రతనం అయినదీ, యత్నం జతనం అయినదీ ఈ విధంగానే. నాగేంద్రరావుగారు రాక్షసుల నోటికి తద్భవసూత్రాన్ని అంటగట్టినారు. మనవాళ్ళు అస్మదీయులైతే పగవాళ్ళు ‘తస్మదీయులు’ అట! సంస్కృతంలో అటువంటి రూపం లేదు, ‘తదీయులు’ అనాలి. తెలుగుదేశంలో ఏ తెలుగు మాస్టరూ దానిని దిద్దలేకపోయినాడు. ఈనాడు పత్రికలలో రాజకీయవార్తలలో కూడా ఆ మాట నడుస్తున్నది. తల్పానికి జోడు గిల్పం, కంబళికి జోడు గింబళి. కొత్త మాట పుట్టించిన శిష్యునికి ఘటోత్కచుడు బహుమానంగా వీరతాడు వేయిస్తాడు. నా ఉద్యోగకాలంలో కొత్త మాట పుట్టించిన విద్యార్థికి నేను వేయించినది ఏమిటో కొంచెంసేపట్లో చెబుతాను.

2015లో వచ్చిన ‘బాహుబలి’లో ఈ పని శాస్త్రీయంగా జరిగినది. కాలకేయులనే అటవిక జాతికోసం మదన్ కార్కి అనే తమిళకవి ‘కిలికి’ భాషను తయారుచేసినాడు. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నవని అప్పట్లో పత్రికలు వ్రాసినవి. నాలుక టక్కుమనిపించే ధ్వనులు పెట్టి, వినగానే గుండె ఝల్లుమనేటట్లు కట్టినాడు. పిల్లలు వీధులలో అవి వల్లెవేసినారు. నాకు ఒక్కటే అసంతృప్తి. కల్పించిన భాషను శత్రువుకే ఇచ్చినారు. టోల్కీన్ కూడా శత్రువుకొక కర్కశభాష ఇచ్చినాడు, కాని తాను ప్రాణం పెట్టి చేసిన రెండు భాషలను స్నేహితులకు, గాయకులకు, ఓడిపోయి దేశాంతరం పోయినవారికి ఇచ్చినాడు. తెలియని భాష వినగానే భయం కలగడం ఒక అనుభవం. తెలియని భాష వినగానే నేర్చుకోవాలనిపించడం వేరొక అనుభవం.

ఇటువంటి నవలలు పలాయనమని, కళ్ళెదుటి కష్టాలనుంచి పారిపోవడమని మా తరంలో అనేవాళ్ళం. నేను గట్టిగానే అన్నాను. టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసంలో దీనికి సమాధానం చెప్పినాడు. యుద్ధంనుంచి పారిపోయే సైనికుణ్ణీ, చెరలోనుంచి తప్పించుకోజూచే ఖైదీనీ ఒకే మాటతో నిందించడం తగదన్నది ఆ సమాధానపు సారం. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలలో ఉండి, ప్రాణస్నేహితులను పోగొట్టుకొన్నవాడు ఆ మాట అన్నాడు. నాకైతే ఆ సమాధానం వాదంగా చదివినప్పుడు అందలేదు. నా మేజా సొరుగు తెరచినప్పుడు అందినది.

ఆ కాలిబాటమీది యువకుడు మూడేళ్ళ క్రిందట నా విద్యార్థి. ఒకనాడు తరగతిలో సరళాదేశసంధి చెబుతున్నాను. ద్రుతప్రకృతికాలమీద క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లవుతాయి. ‘చూచెన్’ తరువాత ‘కలువలు’ వస్తే ‘చూచెన్ గలువలు’. వెనుకబల్లమీద ఒక కుర్రవాడు తల వంచుకొని ఏదో వ్రాస్తున్నాడు. దగ్గరకు వెళ్ళి నోటుపుస్తకం లాక్కొని చూచినాను. ఏ భాషవీ కాని అక్షరాలు. “ఈ పిచ్చిగీతలకా నిన్ను మీవాళ్ళు కళాశాలకు పంపినది?” అన్నాను. తరగతి పకపక నవ్వినది. నోటుపుస్తకం నా సొరుగులో పడవేసినాను. అతడు వచ్చి అడుగుతాడనుకొన్నాను, అడగలేదు. కొద్దిరోజులకు రెండవ భాష మార్చుకొని సంస్కృతంలో చేరినాడని తెలిసినది. మార్కులకోసం చాలామంది చేసే పనే గనుక నేను ఇంకొక కారణం వెదకలేదు. నోటుపుస్తకాన్ని మళ్ళీ తెరవలేదు.

ఆబిడ్స్‌లో అతడు లేచి వెళ్ళిన తరువాత నాకు కూర్చోబుద్ధి కాలేదు. వెంట నడిచి నాంపల్లి దారిలో కలుసుకొన్నాను. “నమస్తే సార్” అన్నాడు, ముఖంలో ఏమీ కనబడనీయకుండా. ఒక ఇరానీ హోటల్లో చాయ్ త్రాగినాము. ఆ చివరి పుటలకోసం అంత మంచి బేరం వదిలివేసినావేమయ్యా అన్నాను. మొదట మొహమాటపడినాడు. తరువాత కాగితపు రుమాలు ఒకటి పరచి ఆ లోకపు లిపి వ్రాసి చూపినాడు. నిలువు వరుసలు ఉచ్చారణ స్థానాలు: దంతాలకొకటి, పెదవులకొకటి, వెనుకకొకటి. అడ్డువరుసలు ప్రయత్నభేదాలు. పరుషంలోని వంకర రెట్టిస్తే సరళం. అచ్చులు అక్షరం నెత్తిన గుర్తులుగా కూర్చుంటాయి. “మన వర్గాలూ గుణింతమూ వంటివే సార్” అన్నాడు. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు మన ఓనమాలు చూచి చేసినాడని ఎవరూ అనుకోనక్కరలేదు. నోటిలోని స్థానాలను శ్రద్ధగా గమనించినవాడు ఎక్కడివాడైనా అదే పట్టికకు చేరుకొంటాడు. సిందారిన్‌లో మాటల మొదటి హల్లులు మెత్తబడతాయని కూడా అతడే చెప్పినాడు. అది వేల్సు భాషనుంచి తెచ్చిన లక్షణమట. ఆ భాషలో పిల్లి ‘కాథ్’. ముందు ఉపపదం చేరితే ‘గాథ్’. తండ్రి ‘తాద్’, అతని తండ్రి అన్నప్పుడు ‘దాద్’. తల ‘పెన్’, అతని తల ‘బెన్’. క గా, త దా, ప బా అయినవి. కారణం మన ద్రుతం కాదు, ఫలితంమాత్రం అదే. నేను చాయ్ చల్లారబెట్టుకొని విన్నాను. మూడేళ్ళ క్రిందట నేను నల్లబల్లమీద వ్రాసిన పట్టిక నాకే అప్పగించబడుతున్నది.

ఆ రాత్రి సొరుగు తెరచి నోటుపుస్తకం చదివినాను. మొదటి పుటలో ఒక పర్వతశ్రేణి పటం. తరువాత రెండు జాతులు: కొండవారు, తీరంవారు. ఒకప్పుడు ఒకే ప్రజ, కరువులో విడిపోయినారు. రెండు నిలువుగడులలో మాటలు. కొండమాటలలో పరుషాలు, తీరపు మాటలలో వాటికి బదులు సరళాలు. నేను లాక్కొన్న పుట చివరిది. దానిమీద ఆనాటి తేదీ ఉన్నది. ఆ పిచ్చిగీతల క్రింద తెలుగులో రెండు ముక్కలు: ‘తీరంవాళ్ళ భాషలో కూడా నకారం తర్వాత క→గ, త→ద. ఇవాళ్టి పాఠం.’

ఆ తరగతిలో నా పాఠం విన్నవాడు అతడొక్కడే కావచ్చును.

మరుసటి ఆదివారం అదే కాలిబాట దగ్గర నోటుపుస్తకం అతని చేతికిచ్చినాను. తప్పు నాదని చెప్పినాను. అనుకొన్నదానికన్న పొట్టి వాక్యమే నోట వచ్చినది. అతడు ఏమీ అనకుండా పుటలు త్రిప్పుతూ, ఒకచోట ఆగి, “కలం ఉన్నదా సార్?” అన్నాడు. ఇచ్చినాను. కొండవారి మాటలలో ఒకదానిని కొట్టివేసినాడు.

“ఏమది?”

“ఓడ సార్. వీళ్ళు అప్పటికి సముద్రమే చూడలేదు. ఓడకు వీళ్ళకు సొంతమాట ఉండకూడదు. తీరంవాళ్ళ దగ్గర తీసుకొని ఉంటారు.”

“అయితే అన్యదేశ్యం” అన్నాను.

అతడు ఆ మాటను ప్రక్కన చిన్న అక్షరాలతో వ్రాసికొన్నాడు.